ఫ్రాంచైజీ అమ్ముకోవాలంటే చట్టం మన పక్కన ఎంతవరకు నిలబడుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

టీ కొట్టు, పిజ్జా సెంటరు, ప్లేస్కూలు, రక్తపరీక్షల కలెక్షన్ సెంటరు, కళ్ళజోళ్ళ షాపు. మెయిన్ రోడ్డు మీద షట్టర్లు చూడండి: పైన ఎవరిదో పేరు, లోపల మనవాళ్ళ డబ్బు. షాపు పెట్టించేటప్పుడు కంపెనీ మనిషి రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తాడు. అమ్ముకుంటానని చెప్పిన రోజు నుంచి మనం నాలుగుసార్లు చేసినా ఎత్తడు.

నేను విజయవాడలో వ్యాపార తగాదాలు చూసే వకీలుని. మా ఆవిడ గుంటూరు బ్రాడీపేటలో ఆరేళ్ళు ఒక ఐస్‌క్రీమ్ పార్లర్ నడిపి అమ్మేసింది. ఆ ఒప్పందం 38 పేజీలు. ప్రతి పేజీ కిందా ఆమె సంతకం ఉంది. సంతకాల రోజు నేను వాయిదాకు వెళ్ళాను, తర్వాత కూడా చదవలేదు. లాయర్ ఇంట్లోనే ఇలా ఉంటే మిగతావాళ్ళను ఏమంటాం! ఆఫీసుకు వచ్చేవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. మీ కేసుకు మీ కాగితమే ప్రమాణం, అది చూడకుండా ఎవరు చెప్పినా అంచనాయే.

ఫ్రాంచైజీ ఓనర్లను కాపాడే చట్టం మన దేశంలో ఉందా?

ప్రత్యేకంగా లేదు. అద్దెదారుకు, ఉద్యోగికి, వినియోగదారుకు ఉన్నట్టు ఫ్రాంచైజీ తీసుకున్నవాళ్ళకు విడిగా ఒక చట్టం మన పార్లమెంటు చేయలేదు. 1872 నాటి ఒప్పందాల చట్టం, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1996 ఆర్బిట్రేషన్ చట్టం, 1999 ట్రేడ్‌మార్క్ చట్టం, వీటిలోంచి ఏరుకోవాల్సిందే. లాభం కోసం నడిపే వ్యాపారం కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే సాధారణంగా గడప దగ్గరే ఆపేస్తారు.

అందుకే అమ్ముకునే హక్కు చాలావరకు సంతకం పెట్టిన రోజునే తేలిపోతుంది. అయితే కంపెనీ రాసుకున్నదంతా చెల్లదు. ఒప్పందంలో ఉన్నా కోర్టు పక్కన పెట్టేసే షరతులు కొన్ని ఉన్నాయి. మన బలమంతా వాటిలోనే ఉంది.

షాపు నాది, డబ్బు నాది. నా వస్తువు నేను అమ్ముకోవడానికి ఇంకొకరి అనుమతి ఎందుకు?

మీది ఏమిటో విడదీసి చూడండి. కౌంటర్లు, ఫ్రీజర్లు, ఏసీ, సరుకు మీవి. వాటిని ఎవరికైనా అమ్మండి, ఎవరూ అడ్డుపడలేరు (బ్యాంకు లోను మీద కొన్నవైతే బ్యాంకు అడ్డుపడుతుంది). అద్దె హక్కు సగం మీది, సగం బిల్డింగ్ ఓనరు దయ. ఇక బోర్డు మీద పేరు, రంగులు, మెనూ, సాఫ్ట్‌వేర్ లాగిన్ మీవి కావు, వాడుకోవడానికి ఇచ్చినవి. ట్రేడ్‌మార్క్ చట్టం 54వ సెక్షను రిజిస్టర్డ్ యూజర్‌కు కూడా ఆ హక్కును ఇంకొకరికి బదిలీ చేసే అధికారం లేదంటుంది. ఏ రిజిస్ట్రేషనూ లేకుండా కేవలం ఒప్పందం మీద బోర్డు పెట్టుకున్న మనకు అంతకంటే ఎక్కువ ఎలా ఉంటుంది?

ఒప్పందాల చట్టంలో ఇంకో మాట ఉంది. మనకు రావలసినవి ఇంకొకరికి రాసివ్వొచ్చు గానీ, మనం చేయవలసినవి అవతలివాళ్ళు ఒప్పుకోకుండా ఇంకొకరి నెత్తిన పెట్టలేం. రాయల్టీ (అమ్మకాల్లో కంపెనీ వాటా) కడతాననీ నాణ్యత పాటిస్తాననీ మాట ఇచ్చింది మీరు. ఆ మాట కొత్త మనిషికి మారాలంటే కంపెనీ తల ఊపాలి.

ఒప్పందంలో "ట్రాన్స్‌ఫర్ కుదరదు" అని ఒక్క ముక్కలో ఉంది. ఇక దారి లేదా?

బదిలీకి లేదు, బేరానికి ఉంది. నడుస్తున్న షాపు మూతపడితే కంపెనీకీ నష్టమే, రాయల్టీ ఆగిపోతుంది. పాత ఒప్పందాన్ని రద్దు చేసుకుని, కొనేవాళ్ళతో కంపెనీ కొత్తది రాసుకునే పద్ధతి ఉంది. మీరు, కొనేవాళ్ళు, కంపెనీ ముగ్గురూ ఒకే కాగితం మీద సంతకం పెడతారు. నా దగ్గరకు వచ్చినవాటిలో గొడవ లేకుండా తెగినవి ఎక్కువగా ఇలాంటివే. ఇందులో ఒక మెలిక ఉంది. కొత్త ఒప్పందమంటే కంపెనీ కొత్త జాయినింగ్ ఫీజు అడుగుతుంది. అది ఎవరు కట్టాలో కొనేవాళ్ళతో ముందే తేల్చుకోండి, లేకపోతే చివర్లో మీ ధరలోంచే కోస్తారు.

"కంపెనీ ముందస్తు రాతపూర్వక సమ్మతితో" అని ఉంది. వాళ్ళు కారణం చెప్పకుండా కాదంటే?

ఆ వాక్యం చివరి దాకా చదవండి. "సహేతుక కారణం లేకుండా సమ్మతి నిరాకరించరాదు" అన్న అర్థం వచ్చే ముక్క ఉందా? ఉంటే మీ చేతిలో పట్టు ఉన్నట్టే. కొనేవాడికి డబ్బుంది, అనుభవముంది, ట్రైనింగ్‌కు సిద్ధమే, అయినా కాదన్నారంటే అది ఒప్పంద ఉల్లంఘన. ఒప్పందాల చట్టం 73వ సెక్షను కింద నష్టపరిహారం అడగొచ్చు.

ఆ ముక్క లేకపోతే "పూర్తిగా కంపెనీ విచక్షణ" అన్న వాదన బలంగానే నిలబడుతుంది. మన చట్టం దానంతట అదే వచ్చి "సహేతుకంగా ఉండాలి" అన్న షరతును అక్కడ అతికించదు.

ఇక ఎక్కువమంది చూడనిది ఒకటి చెప్తాను. సమ్మతి క్లాజు మీద పోట్లాడేముందు టెర్మినేషన్ క్లాజు తెరవండి. "ఏ పక్షమైనా 30 రోజుల నోటీసుతో కారణం చెప్పకుండా రద్దు చేయవచ్చు" అని ఉంటే మీ కేసు బరువు అక్కడే తగ్గిపోతుంది. ఇండియన్ ఆయిల్ కార్పొరేషన్, అమృత్‌సర్ గ్యాస్ సర్వీస్ కేసులో 1990లో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. గ్యాస్ డిస్ట్రిబ్యూటర్‌షిప్ రద్దు తప్పే అయినా, 30 రోజుల నోటీసుతో ఎలాగూ రద్దయ్యే ఒప్పందం కాబట్టి డిస్ట్రిబ్యూటర్‌షిప్ తిరిగి ఇప్పించలేమనీ, ఆ నోటీసు కాలానికి సరిపడా నష్టపరిహారమే వస్తుందనీ చెప్పింది. ఏడాదికి ఎంత సంపాదిస్తున్నారన్నది అక్కడ లెక్కలోకి రాలేదు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 14వ సెక్షను కూడా స్వభావరీత్యా రద్దు చేయదగిన ఒప్పందాన్ని కోర్టు బలవంతంగా అమలు చేయించదంటుంది. ఈ రెండూ తెలిశాక మీరు కంపెనీకి పంపే నోటీసు భాష దానంతట అదే మెత్తబడుతుంది.

మెయిల్ పెట్టి రెండు నెలలైంది. అవుననరు, కాదనరు. మౌనం అంగీకారం కాదా?

పెళ్ళిచూపుల్లో ఏమో గానీ ఒప్పందాల్లో కాదు. "ఇన్ని రోజుల్లో జవాబు ఇవ్వకపోతే సమ్మతించినట్టే" అని మీ కాగితంలో ఉంటేనే మౌనానికి ఆ అర్థం వస్తుంది. లేకపోతే కొనేవాడి వివరాలు, ఆర్థిక స్థోమత కాగితాలు, ధర, తేదీ అన్నీ జతచేసి, ఒప్పందంలో నోటీసులకు ఇచ్చిన చిరునామాకే స్పీడ్ పోస్టులో, అక్కడి మెయిల్‌కే ఈమెయిల్‌లో పంపండి. ఏరియా మేనేజర్‌కు వాట్సాప్ పెట్టడం నోటీసు కాదు. 15 రోజుల గడువిచ్చి, ఆలస్యం వల్ల బేరం పోతే ఎంత నష్టమో అంకెలతో రాయండి. జవాబు రాకపోయినా, రేపు ఆర్బిట్రేటర్ (కోర్టు బదులు తగాదా తేల్చే మనిషి) ముందు ఆ తేదీలే మాట్లాడతాయి.

మాది ప్రైవేట్ లిమిటెడ్. ఫ్రాంచైజీ ముట్టుకోకుండా కంపెనీ షేర్లు అమ్మేస్తే సరిపోదా? ఒప్పందం కంపెనీ పేరు మీదే ఉంటుంది కదా?

తెలివైన ఆలోచనే. ముప్పై ఏళ్ళ కిందట ఇంతకంటే పెద్దవాళ్ళు ఇదే చేసి దెబ్బతిన్నారు.

1993లో పార్లే నుంచి థమ్స్ అప్, లిమ్కా, గోల్డ్ స్పాట్, మాజా బ్రాండ్లను కోకాకోలా కొన్నది. ఆ పానీయాలను అహ్మదాబాదు, రాజ్‌కోట్ ప్రాంతాలకు సీసాల్లో నింపి అమ్మే ఫ్రాంచైజీ గుజరాత్ బాట్లింగ్ కంపెనీది. కోకాకోలా రాతపూర్వక సమ్మతి లేకుండా షేర్లు బదిలీ చేయకూడదని ఒప్పందంలో ఉంది. గడువు లోపల పోటీ పానీయాలు తయారు చేయకూడదనీ ఉంది. అయినా షేర్లు వెళ్ళి పెప్సీ వైపు వాళ్ళ చేతిలో పడ్డాయి. రాత్రికి రాత్రి థమ్స్ అప్ నింపే ఫ్యాక్టరీ పోటీదారుడిదైపోయింది! కోకాకోలా కోర్టుకెక్కింది. 1995లో సుప్రీంకోర్టు కోకాకోలా పక్షాన ఇచ్చిన నిషేధాజ్ఞను నిలబెట్టింది. ఒప్పందం నడుస్తున్నంతకాలం "వేరే బ్రాండు చేయను" అన్న షరతు వ్యాపార నిరోధం కాదన్నది. సమ్మతి తీసుకోకుండా షేర్లు ఇచ్చేసినవాళ్ళు న్యాయం అడగడానికి శుభ్రమైన చేతులతో రాలేదనీ అన్నది.

ఫ్రాంచైజీ ఒప్పందాలు రాసేవాళ్ళందరికీ ఈ తీర్పు కంఠతా వచ్చు. మీ కాగితంలో "యాజమాన్య మార్పు", "నియంత్రణ మార్పు", "51 శాతం" లాంటి మాటలు వెతకండి. ఉంటే షేర్ల అమ్మకం కూడా బదిలీయే. పార్టనర్‌షిప్‌లో కొత్త భాగస్తుణ్ణి చేర్చుకుని పాతవాళ్ళు తప్పుకోవడమూ అంతే. అలాంటి మాటలు ఎక్కడా లేకపోతే మాత్రం షేర్ల దారి నిజంగా తెరిచి ఉన్నట్టే.

"అమ్మదలిస్తే ముందు మాకే చెప్పాలి, అదే ధరకు మేం కొంటాం" అని ఉంది. ఇది చెల్లుతుందా?

ఒప్పందం గడువు లోపల చెల్లుతుంది. మీరు అడగాల్సినవి రెండే. కంపెనీ ఎన్ని రోజుల్లో తేల్చాలి? ధర ఒక్కటే కలపాలా, మిగతా షరతులు కూడానా? బయటివాడు మొత్తం ఒకేసారి ఇస్తానంటే కంపెనీ 24 వాయిదాల్లో ఇస్తానంటే అది "అదే ధర" కాదు. రోజుల గడువు లేకపోతే కొనేవాళ్ళు విసిగి పారిపోతారు. అసలు దెబ్బ అదే.

గడువు ముగిశాక కూడా ఈ హక్కు ఉందంటే ఒప్పుకోకండి. క్రికెటర్ జహీర్ ఖాన్ మీద పర్సెప్ట్ డి'మార్క్ సంస్థ వేసిన కేసు గుర్తుంచుకోండి. ఒప్పందం అయిపోయాక కూడా బయటి ఆఫర్లను ముందు తమకు చూపించి, తాము సరితూగే అవకాశం ఇవ్వాలన్న షరతు అందులో ఉంది. కాలం తీరాక అలాంటి షరతు ఒప్పందాల చట్టం 27వ సెక్షను కింద చెల్లదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది.

అమ్మేశాక రెండేళ్ళు ఇదే వ్యాపారం ఎక్కడా చేయకూడదని కంపెనీ అంటోంది. కొన్నాయన కూడా అదే రాయమంటున్నాడు. ఇద్దరికీ తేడా ఉందా?

చాలా ఉంది. 27వ సెక్షను ప్రకారం ఎవరినైనా న్యాయమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా ఆపే ఒప్పందం అంతవరకు చెల్లదు. కాబట్టి ఒప్పందం అయిపోయాక కంపెనీ పెట్టే "రెండేళ్ళు చేయకూడదు" షరతు కోర్టులో నిలవడం కష్టం. వాళ్ళ రెసిపీ, కస్టమర్ల జాబితా, రంగులు, పేరును పోలిన పేరు వాడితే అది వేరే తప్పు, అక్కడ మిమ్మల్ని ఆపగలరు.

కొన్నవాడి సంగతి వేరు. గుడ్‌విల్ (వ్యాపారానికున్న మంచిపేరు, గిరాకీ) అమ్మినవాణ్ణి, కొన్నవాడు ఆ వ్యాపారం నడిపినంతకాలం, ఒక హద్దు లోపల అదే వ్యాపారం చేయకుండా కట్టడి చేయవచ్చని ఆ సెక్షనే మినహాయింపు ఇచ్చింది. హద్దు సబబుగా ఉండాలి. బ్రాడీపేటలో షాపు అమ్మి అరండల్‌పేటలో తెరవనని రాస్తే సబబు. ఆంధ్రా, తెలంగాణ రెండింటిలోనూ తెరవనని రాయమంటే కాదు. ఎంత దూరమో కిలోమీటర్లలో రాసుకోండి.

ట్రాన్స్‌ఫర్ ఫీజు లక్షల్లో అడుగుతున్నారు. డిపాజిట్ కూడా "ఫోర్‌ఫీట్" అంటున్నారు. ఎంతవరకు ఒప్పుకోవాలి?

ఫీజు మొత్తం ఒప్పందంలో అంకెగా ఉంటే కట్టాల్సిందే, దానిమీద 18 శాతం జీఎస్టీ కూడా. "అప్పటికి కంపెనీ నిర్ణయించినంత" అని ఉంటే బేరమాడండి. కొత్తవాళ్ళ ట్రైనింగుకు, తనిఖీకి నిజంగా ఎంతవుతుందో లెక్క అడగండి.

డిపాజిట్ కథ వేరు. మా ఇంటి బాగోతం ఇక్కడిదే. పార్లర్ అప్పగించిన నెలకు మా ఆవిడకు ఒక మెయిల్ వచ్చింది. బోర్డు అంచు రంగు వెలిసిందట, రెండు ఫ్రీజర్ల స్టిక్కర్లు పాతవట, "బ్రాండ్ ప్రతిష్ఠకు భంగం" కింద మొత్తం డిపాజిట్ జప్తు అట. ఆ బోర్డు కింద అప్పటికే కొత్త ఓనరు ఐస్‌క్రీమ్ అమ్ముతున్నాడు. నేను రెండు పేజీల జవాబు రాశాను. అందులో సారం అంతా ఒప్పందాల చట్టం 74వ సెక్షనే. ఒప్పందంలో జరిమానా అంకె రాసుకున్నా కోర్టు ఇచ్చేది సబబైన పరిహారమే, ఆ అంకె దాని గరిష్ఠ పరిమితి మాత్రమే.

దీనికి వెన్నెముక 2015 నాటి కైలాష్ నాథ్ తీర్పు. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ 1982లో ఒక ప్లాటు వేలం వేస్తే 3.12 కోట్లకు పాట పాడినవాళ్ళు 78 లక్షలు బయానా కట్టారు. తర్వాత అథారిటీ ఒప్పందం రద్దు చేసి బయానా జప్తు చేసింది. అదే ప్లాటును 1994లో 11.78 కోట్లకు అమ్ముకుంది. నష్టమే లేనప్పుడు జప్తు ఏమిటని సుప్రీంకోర్టు ఆ 78 లక్షలు వెనక్కి ఇప్పించింది. మన డిపాజిట్లు వేలల్లో, లక్షల్లో ఉంటాయి గానీ సూత్రం అదే: నష్టం ఎంతో చెప్పు, ఆ మేరకు పట్టుకో. మాకు స్టిక్కర్ల ఖర్చు పోను మిగతాది ఏడు నెలలకు వచ్చింది.

కొనేవాళ్ళకు లెక్కలు ఎంతవరకు చూపించాలి? ఒప్పందంలో గోప్యత క్లాజు ఉంది.

ఫ్రాంచైజీ ఒప్పందం కాపీ ఇచ్చేముందు కంపెనీ అనుమతి మెయిల్‌లో తీసుకోండి. మీ సొంత జీఎస్టీ రిటర్న్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కరెంటు బిల్లులు చూపించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. రిటర్న్‌లో నెలకు మూడు లక్షలు, నోటితో చెప్పేది ఐదు లక్షలు. "మిగతాది క్యాష్ అండీ, మీకు తెలియనిదేముంది" అంటారు. అలా చెప్పి అమ్మితే ఒప్పందాల చట్టం 17, 18 సెక్షన్ల కింద మోసం లేదా తప్పుడు సమాచారం అవుతుంది. 19వ సెక్షను కింద కొన్నవాడు ఒప్పందాన్నే రద్దు చేసుకోవచ్చు. పైగా మీ పన్ను ఎగవేతకు మీరే సాక్ష్యం ఇచ్చినట్టు. ఎదురుగా ఫ్లైఓవర్ పనులు మొదలవబోతున్నాయనీ, బిల్డింగ్ ఓనరు ఖాళీ చేయమన్నాడనీ తెలిసి కప్పిపెట్టడం కూడా తర్వాత మెడకు చుట్టుకునేదే.

ఇదే సెక్షన్లు కంపెనీ మీద వాడొచ్చా? "నెలకు లక్షన్నర మిగులుతుంది" అని చెప్పి అంటగట్టారు.

వాడొచ్చు, కాగితం ఉంటే. ఆ లక్షన్నర అంకె ఉన్న ప్రెజెంటేషన్, మెయిల్, మెసేజ్ ఏదైనా దాచి ఉంటే అది అమ్మకం బేరంలో కూడా పనికొస్తుంది. నోటిమాట అయితే కష్టం. "ఒప్పందంలో లేని ఏ హామీ మీదా నేను ఆధారపడలేదు" అని మీ చేతే సంతకం పెట్టించుకుని ఉంటారు.

అమ్మేశాక కూడా బాధ్యతలు నా మీద ఉంటాయా?

కాగితం లేకపోతే ఉంటాయి. కంపెనీ కొత్త ఓనరును ఒప్పుకున్నంత మాత్రాన మిమ్మల్ని వదిలేసినట్టు కాదు. ఈ తేదీ నుంచి మీకు ఏ బాధ్యతా లేదనీ, మీ వ్యక్తిగత గ్యారంటీ రద్దయిందనీ రిలీజ్ లెటర్ తీసుకోండి. ఇది లేక, కొత్తాయన ఎగ్గొట్టిన రాయల్టీకి పాతాయన నోటీసులు అందుకున్న కేసు నా బీరువాలోనే ఉంది.

జీఎస్టీలో 85వ సెక్షను ఉంది. బదిలీ తేదీ వరకు ఉన్న పన్ను బాకీకి అమ్మినవాళ్ళు, కొన్నవాళ్ళు ఇద్దరూ బాధ్యులే. అందుకే తెలివైన కొనుగోలుదారు కొంత మొత్తం ఆరు నెలలు పట్టి ఉంచుతానంటాడు. అది అవమానం కాదు. ఎంత, ఎప్పటిదాకా, ఏ బాకీ తేలితే కోస్తారో రాసుకోండి. పనివాళ్ళ జీతాలు, పీఎఫ్ బకాయిలు కూడా అప్పగింత తేదీకి తేల్చేయండి.

అప్పగింత రోజు సరుకు లెక్క మాత్రం ఇద్దరూ కలిసి చేయండి. మా పార్లర్‌లో రాత్రి పదకొండింటికి డీప్ ఫ్రీజర్ మూత తీసి టబ్బులు లెక్కపెట్టాం. నేను చదవడం, కొన్నాయన రాయడం. బటర్‌స్కాచ్ దగ్గరకు వచ్చేసరికి వేళ్ళు మొద్దుబారిపోయి లెక్క తప్పాను. మళ్ళీ మొదటినుంచి. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ టబ్బులు పక్కన పెట్టి వాటికి సగం ధర వేసుకున్నాం. ఆ నోటుపుస్తకం పేజీ కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. తర్వాత ఆ సరుకు గురించి ఒక్క మాట రాలేదు.

షాపు అద్దెది. బిల్డింగ్ ఓనరు అడ్డుపడితే?

బేరాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. కంపెనీ కంటే ముందు ఈయన్ను కలవండి. మన అద్దె కాగితాల్లో సబ్‌లెట్ నిషేధం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అది ఉండగా చెప్పకుండా కొత్తాయన్ను కూర్చోబెడితే ఖాళీ చేయించడానికి మీరే కారణం ఇచ్చినట్టు. కొత్త అద్దె ఒప్పందం నేరుగా కొనేవాళ్ళ పేరున రాయించి, మీ అడ్వాన్సు మీకు తిరిగి ఇప్పించుకోవడం శుభ్రమైన పద్ధతి. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ కాకపోతే నిలబడదు. పదకొండు నెలల కాగితం చూసి పెద్ద మొత్తం పెట్టే కొనుగోలుదారు దొరకడం కష్టం.

లైసెన్సులు వాళ్ళ పేరుకు మారతాయా?

ఆహార వ్యాపారమైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు కొన్నవాళ్ళు తమ పేరున కొత్తగా తీసుకోవాలి. ట్రేడ్ లైసెన్సు మున్సిపాలిటీలో చూసుకోండి. కొన్నాయన లైసెన్సు రాకముందే మీ లైసెన్సు మీద నాలుగు రోజులు నడుపుకుంటానంటే ఒప్పుకోకండి. ఎవరికైనా వాంతులైతే కేసు మీ పేరున పడుతుంది.

పన్ను ఎంత పడుతుంది?

ఆడిటర్ పని, నేను పైపైన చెప్తాను. నడుస్తున్న వ్యాపారాన్ని మొత్తంగా అప్పగిస్తే ఆ బదిలీ మీద జీఎస్టీ లేదు. విడివిడిగా ఫ్రీజర్లు, కౌంటర్లు అమ్మితే ఉంది. మీ ఖాతాలో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొనుగోళ్ళ మీద మీరు కట్టిన జీఎస్టీకి రావలసిన తగ్గింపు) ఐటీసీ-02 ఫారంతో కొన్నవాళ్ళకు బదిలీ చేయవచ్చు. ఆదాయపు పన్నులో, విడివిడి ధరలు వేయకుండా మొత్తానికి ఒకే ధర వేసుకుంటే స్లంప్ సేల్ అంటారు, చట్టం చెప్పినంతకాలం దాటి నడిపిన వ్యాపారమైతే దీర్ఘకాలిక లాభంగా చూస్తారు. "పోటీ పెట్టను" అన్న మాటకు విడిగా డబ్బు తీసుకుంటే మాత్రం అది వ్యాపార ఆదాయం కిందికి పోతుంది. ఒకే మొత్తాన్ని ఏ పేరున రాస్తారన్న దాన్నిబట్టి పన్ను మారుతుంది. కాబట్టి డ్రాఫ్టు నా దగ్గర సిద్ధమయ్యేముందే ఆడిటర్‌ను కలవండి.

సగం క్యాష్ ఇస్తానంటే? ఒక లావాదేవీలో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం నిషేధం. తీసుకున్నంత మొత్తమూ తీసుకున్నవాడికే జరిమానా.

తగాదా వస్తే ముంబైలో ఆర్బిట్రేషన్ అట, ఆర్బిట్రేటర్‌ను కంపెనీయే వేస్తుందట. మేం తెనాలి నుంచి వెళ్ళగలమా?

మొదటి సగం చెల్లుతుంది. రెండో సగం చెల్లదు. వ్యవహారంలో ప్రయోజనం ఉన్న పక్షం తానే ఒంటరిగా ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించలేదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీ ఎవరినో నియమించామని ఉత్తరం పంపితే "సరే" అని రాతపూర్వకంగా ఒప్పుకోకండి. వెంటనే అభ్యంతరం రాయండి. విచారణలు వీడియోలో జరపమని అడగండి, ఇప్పుడది మామూలే.

అలాగే "90 రోజుల్లో క్లెయిమ్ చేయకపోతే హక్కు పోతుంది" లాంటి షరతు ఒప్పందాల చట్టం 28వ సెక్షను కింద చెల్లదు. మామూలుగా మీకు మూడేళ్ళ గడువు ఉంటుంది. ఆర్బిట్రేషన్ క్లాజు లేని ఒప్పందమైతే కమర్షియల్ కోర్టుకు వెళ్ళొచ్చు. 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం ఫ్రాంచైజీ ఒప్పందాలను పేరుపెట్టి చెప్పింది. మూడు లక్షలు, ఆపైన విలువ ఉండాలి. అత్యవసర ఉత్తర్వులు అక్కర్లేని దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. దాన్ని వృథా అనుకోకండి. కంపెనీ పెద్దవాళ్ళు మొదటిసారి ఫోన్ ఎత్తేది ఆ నోటీసు వెళ్ళాకే.

ఓనరు చనిపోతే కుటుంబం అమ్ముకోవచ్చా?

ఒప్పందంలో వారసుల క్లాజు ఉంటే దాని ప్రకారం. లేకపోతే ఇది వ్యక్తిని చూసి ఇచ్చిన ఒప్పందం, ఆయనతోనే ముగిసిందని కంపెనీ వాదిస్తుంది. సామాను, డిపాజిట్, రావలసిన కమీషన్ మాత్రం ఎలాగూ వారసులవే. కొత్తగా సంతకం పెట్టబోతున్నవాళ్ళు "వారసులకు ఆరు నెలలు నడిపే లేదా అమ్ముకునే హక్కు" అన్న ఒక్క వాక్యం చేర్పించుకోండి. ఈ ఒక్కటీ అడిగితే కంపెనీలు పెద్దగా బిగుసుకోవు.

మా తమ్ముడికి అమెరికాలో ఫ్రాంచైజీ ఉంది. అక్కడా ఇదే పరిస్థితా?

అక్కడ ఏ రాష్ట్రమన్నదాన్నిబట్టి ఉంటుంది. నేను అక్కడి వకీలుని కాదు, చట్టాల్లో ఉన్నది చెప్తున్నాను. న్యూజెర్సీలో 1971 నాటి ఫ్రాంచైజీ చట్టం ఉంది. అది వర్తించే వ్యాపారమైతే, కొనేవాళ్ళ పేరు, ఆర్థిక స్థోమత, గత ఐదేళ్ళ వ్యాపార అనుభవం రాసి కంపెనీకి నోటీసు ఇవ్వాలి. 60 రోజుల్లో కంపెనీ ఒప్పుకోవాలి, లేదా కొనేవాళ్ళ నడవడి, స్థోమత, అనుభవాలకు సంబంధించిన గట్టి కారణం రాతలో చెప్పాలి. జవాబే ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టే. మన దగ్గర లేని "మౌనం అంగీకారం" అక్కడ చట్టంలోనే ఉంది! కాలిఫోర్నియాలో కూడా, 2016 జనవరి 1 నుంచి చేసుకున్న లేక రెన్యూ చేసిన ఒప్పందాలకు ఇలాంటి 60 రోజుల నియమం ఉంది. కొత్తవాళ్ళను తీసుకోవడానికి కంపెనీకి ఉన్న ప్రమాణాలను కొనేవాళ్ళు అందుకుంటే కాదనడానికి వీల్లేదు. ఓనరు చనిపోతే భార్యకు, వారసులకు నడుపుకోవడానికో అమ్ముకోవడానికో తగినంత వ్యవధి ఇవ్వాలని కూడా అక్కడి చట్టం చెప్తుంది.

టెక్సాస్‌లో, మనవాళ్ళు అంతమంది ఉన్నచోట, ఇలాంటి చట్టం లేదు. అక్కడ మళ్ళీ కాగితమే దిక్కు. ఫెడరల్ స్థాయిలో ఎఫ్‌టీసీ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్) నియమం ఫ్రాంచైజీ అమ్మే కంపెనీ ముందుగా ఏం వెల్లడించాలో చెప్తుంది గానీ మీ అమ్మకానికి అనుమతి ఇప్పించదు. గ్యాస్ స్టేషన్లకు 1978 నాటి ప్రత్యేక ఫెడరల్ చట్టం ఉంది, అది ప్రధానంగా రద్దుకు, రెన్యువల్ నిరాకరణకు సంబంధించినది. న్యూజెర్సీలో వ్యాపారం కొనేవాళ్ళు అప్పగింతకు కనీసం 10 పనిదినాల ముందు పన్నుల శాఖకు బల్క్ సేల్ నోటీసు ఇవ్వాలి. లేకపోతే అమ్మినవాళ్ళ పన్ను బాకీ వాళ్ళకు అంటుకుంటుంది. అక్కడి అటార్నీని ముందు దీని గురించే అడగమనండి.

లాయర్ దగ్గరకు వచ్చేటప్పుడు ఏం తేవాలి?

ఒప్పందం ఒరిజినల్, దాని అనుబంధాలు, మధ్యలో కంపెనీ పంపిన "పాలసీ అప్‌డేట్" మెయిళ్ళన్నీ. డిపాజిట్ రసీదు, అద్దె కాగితం, బ్యాంకు లోను శాంక్షన్ లెటర్, గత మూడేళ్ళ రిటర్న్‌లు. కొనేవాళ్ళతో ఏదైనా రాసుకుని టోకెన్ తీసుకుని ఉంటే ఆ కాగితం తప్పకుండా. "కంపెనీ సమ్మతి వస్తేనే" అన్న మాట అందులో లేకుండా టోకెన్ తీసుకుని ఉంటే మొదట సరిచేయాల్సింది అదే, ఎందుకంటే సమ్మతి రాకపోతే మాట తప్పినవాళ్ళు మీరవుతారు. ఏరియా మేనేజర్‌తో నడిచిన వాట్సాప్ చాట్ ఉన్న ఫోన్ కూడా తీసుకురండి. స్క్రీన్‌షాట్లు తీసుకున్నాం కదా అని ఫోన్ మార్చేయకండి, అమ్మేయకండి. 2023 సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద సర్టిఫికెట్ ఇవ్వాలంటే అసలు ఫోన్ చేతిలో ఉండాలి.